ఒకే తల్లి బిడ్డలు, ఒకే పాక: ఒకదానికే పొదుగు రాయిలా ఎందుకు మారింది?

ప్రశ్న: నా దగ్గర అక్కాచెల్లెళ్ళయిన రెండు ఆవులున్నాయి. తల్లి ఒకటే, దానికి రెండుసార్లూ వేయించిన వీర్యం కూడా ఒకే ఎద్దుది. పది రోజుల తేడాతో ఈనాయి. ఈనిన వారంలోపే రెండింటికీ పొదుగు వాపు వచ్చింది. పెద్దదానికి రెండు రోజులు పాలలో తరకలు కనిపించి పోయాయి. చిన్నదానికి వెనక కుడి చన్ను రాయిలా గట్టిపడింది. జ్వరంతో మేత మానేసింది, పాలు నీళ్ళలా వచ్చాయి. పాలు పరీక్ష చేయిస్తే రెండింటిలోనూ ఈ.కోలై అనే రిపోర్టు వచ్చింది. డాక్టరు గారి వైద్యంతో చిన్నది కోలుకుంది కానీ ఆ చన్నులో పాలు సగానికి పడిపోయాయి. లోపం దాని రక్తంలోనే ఉందా? దాని పెయ్యదూడకు కూడా వస్తుందా? వాపు తగ్గే ఇంజెక్షన్ వేయిస్తే రోగనిరోధక శక్తి చచ్చిపోతుందని పక్క రైతు అంటున్నాడు, నిజమేనా? ఆవును అమ్మేయమంటారా? అన్నట్టు, చిన్నది ఈనేటప్పుడు చాలా కష్టపడింది. మాయ రెండో రోజుకు గానీ పడలేదు.

జవాబు: మీరు చివర్లో ‘అన్నట్టు’ అని రాసిన ఆ రెండు వాక్యాల్లోనే సగం జవాబు ఉంది. దాని సంగతి కాసేపాగి చెబుతాను. ముందు రక్తం మాట చూద్దాం.

ఒకే తల్లి, ఒకే తండ్రి అయినా అక్కాచెల్లెళ్ళకు జన్యువులు సగటున సగమే కలుస్తాయి. కాబట్టి కొంత తేడా పుట్టుకతోనే ఉంటుంది, కాదనను. కానీ పొదుగు వాపు ఏ ఆవుకు వస్తుంది, ఏ ఆవుకు రాదు అన్న తేడాలో వంశపారంపర్యంగా వచ్చే వాటా చాలా తక్కువ. ఎక్కువ అధ్యయనాల్లో అది 10 శాతం కూడా దాటలేదు. అలాగని సున్నా కూడా కాదు. నార్వేలో 1978 నుంచే ఎద్దుల ఎంపికలో వాటి కూతుళ్ళ పొదుగు వాపు రికార్డును కూడా లెక్కలోకి తీసుకుంటున్నారు. అలాంటి ఎంపిక తరాల మీద ఫలితమిస్తుంది. ఈ ఏడాది మీ పాకలో జరిగినదాన్ని మాత్రం అది పెద్దగా వివరించలేదు.

అసలు విషయం ఏ జన్యువులు ఉన్నాయన్నది కాదు. అవి ఎప్పుడు పనిలోకి దిగాయి, ఎప్పుడు ఆగాయి అన్నది. ఆవు పొదుగు కణంలోనూ, గిట్ట దగ్గరి చర్మ కణంలోనూ ఉండే జన్యువులు ఒకటే, సుమారు 22 వేలు. పొదుగు కణం పాలిస్తుంది, చర్మ కణం ఇవ్వదు. తూములన్నీ కట్ట మీద ఉన్నవే, ఏ తూము ఎత్తారన్నదే తేడా. దీన్నే మేము జన్యు నియంత్రణ అంటాం.

చిన్నదాని పొదుగులో ఏం జరిగిందో చూడండి. ఈ.కోలై చన్ను రంధ్రంలోంచి లోపలికి దూరింది. ఆ సూక్ష్మజీవి ఒంటి పైపొరలో ఒక విషపదార్థం ఉంటుంది. దాన్ని పసిగట్టడానికి పొదుగు కణాల మీద, అక్కడ కాపలా ఉండే తెల్లకణాల మీద టీఎల్‌ఆర్-4 అనే ప్రొటీన్ ఉంటుంది. ఈ విషాన్ని గుర్తుపట్టేది అదేనని 1998లో బ్రూస్ బ్యూట్లర్ బృందం ఎలుకల్లో తేల్చింది. 2011 నోబెల్ బహుమతిలో ఆయన వాటా ఈ పరిశోధనకే. టీఎల్‌ఆర్-4కు విషం తగలగానే కణం లోపల ఎన్‌ఎఫ్-కప్పా-బి అనే మరో ప్రొటీన్‌కు కబురు వెళ్తుంది. దీన్ని 1986లో రంజన్ సేన్, డేవిడ్ బాల్టిమోర్ కనుగొన్నారు. మామూలు రోజుల్లో ఇది జన్యువులుండే కేంద్రకం బయటే ఉంటుంది. దాన్ని పట్టుకుని కదలనీయకుండా ఇంకో ప్రొటీన్ ఉంటుంది. కబురు రాగానే ఆ పట్టుకున్న ప్రొటీన్ కరిగిపోతుంది. కట్టు తెగిన ఎన్‌ఎఫ్-కప్పా-బి కేంద్రకంలోకి పోయి వాపు జన్యువుల తూములు వరసగా ఎత్తుతుంది. అక్కడి నుంచి వచ్చే రసాయనాలు రక్తనాళాల్ని వదులు చేసి, జ్వరం తెప్పించి, రక్తంలోని తెల్లకణాల్ని పొదుగులోకి పిలుస్తాయి. మీ చేతికి తగిలిన ఆ వేడి, ఆ గట్టిదనం ఇదే.

ఇందులో నాకు ముచ్చటగా అనిపించే సంగతి ఒకటుంది. ఎన్‌ఎఫ్-కప్పా-బి ఎత్తే తూముల్లో తనను కట్టేసే ప్రొటీన్ తాలూకు జన్యువు కూడా ఉంటుంది. అంటే వాపు మొదలైన క్షణం నుంచే దాన్ని ఆపే ఏర్పాటు కూడా మొదలవుతుంది. దానికి తోడు, వాపు రసాయనాలు తయారు చేయమని జన్యువుల నుంచి వచ్చే ఆర్.ఎన్.ఎ. ఆదేశాలు చాలావరకు కొద్దిసేపట్లోనే చిరిగిపోయేలా ఉంటాయి. సూక్ష్మజీవులు పోయి కొత్త కబురు ఆగితే పనీ ఆగుతుంది. మీ పెద్దావులో జరిగింది ఇదే. దానికి వాపు రాలేదనుకోకండి. వచ్చింది, వేళకు వచ్చి వేళకు పోయింది.

ఇక చిన్నదాని మాయ సంగతి. ఈనిన తర్వాత మాయను విడగొట్టడంలో తెల్లకణాలకు కూడా పాత్ర ఉంది. మాయ నిలిచిపోయే ఆవుల్లో ఈ కణాలు ఈనకముందే మందకొడిగా ఉంటాయని పరిశోధనల్లో తేలింది. అంటే మీ ఆవు పొదుగు వాపుకు ముందే ఒక సూచన ఇచ్చింది. ఈనే వేళ ప్రతి ఆవులోనూ కార్టిసాల్ అనే హార్మోన్ పెరుగుతుంది. కష్టంగా ఈనితే ఇంకా పెరుగుతుంది. ఈ హార్మోన్ కణం లోపలికి వెళ్ళి, ఎన్‌ఎఫ్-కప్పా-బి ఎత్తాల్సిన తూముల మీదే చెయ్యి పెడుతుంది. అంతేకాదు, తెల్లకణం రక్తనాళం గోడను పట్టుకుని ఆగడానికి దాని ఒంటి మీద కొక్కెం లాంటి ప్రొటీన్ ఒకటి ఉంటుంది. కార్టిసాల్ పెరిగితే ఆ కొక్కేలు రాలిపోతాయి. అప్పుడు రక్తపరీక్షలో తెల్లకణాలు బోలెడు కనిపిస్తాయి, పొదుగులోకి మాత్రం దిగవు. పాలు దిగడంతో రక్తంలో కాల్షియం పడిపోవడం, మేత చాలక ఒంట్లో కొవ్వు కరగడం దీనికి తోడైతే ఉన్న కణాలకూ సత్తువ తగ్గుతుంది.

ఇక్కడ ఆలస్యం గంటల లెక్క. అనువైన పరిస్థితుల్లో ఈ.కోలై ఇంచుమించు అరగంటకోసారి రెట్టింపవుతుంది. ఆరు గంటలు అడ్డు లేకపోతే ఒకటి నాలుగు వేలు దాటుతుంది. సూక్ష్మజీవులు వేలల్లో ఉన్నప్పుడే పెద్దావు తెల్లకణాలు ఎదురైతే, అవి కోట్లలోకి చేరాక చిన్నదాని తెల్లకణాలు ఎదురయ్యాయి. అన్ని సూక్ష్మజీవులు ఒక్కసారిగా చస్తూ విషం వదిలితే తూములన్నీ ఒకేసారి లేచిపోతాయి. కట్టేసే ప్రొటీన్ ఎంత తయారైనా అంతకు మించి కబుర్లు వస్తూనే ఉంటాయి. కాబట్టి చిన్నదానికి రోగనిరోధక శక్తి తక్కువ అనడమూ, ఎక్కువ అనడమూ రెండూ తప్పే. మొదలవడం ఆలస్యమైంది, అందుకే ఆపడం కుదరలేదు.

ఇంకో మాట, మీ కేసుకు సంబంధం లేకపోయినా చెప్పక తప్పదు. వాపు రాకపోవడమే ఆరోగ్యం అనుకోకూడదు. స్టెఫైలోకాకస్ ఆరియస్ అనే సూక్ష్మజీవి పొదుగు కణాల్లో ఈ తూముల్ని సరిగ్గా లేవనీయదు. జ్వరం ఉండదు, గట్టిదనం పెద్దగా ఉండదు, ఆవు మేత మేస్తూనే ఉంటుంది. నెలల తరబడి పొదుగు లోపల తిష్ఠ వేస్తుంది. నన్నడిగితే గోల చేసే ఈ.కోలై కంటే ఇదే ఎక్కువ నష్టం చేస్తుంది.

పాలు సగానికి ఎందుకు పడ్డాయంటే, కణాలు చనిపోవడం ఒక కారణం. రెండోది మళ్ళీ తూము కథే. పాలలో కేసిన్ అనే ప్రొటీన్ ఉంటుంది, పెరుగు తోడుకునేది దానివల్లే. పాలిచ్చే ఆవులో ఒక ముఖ్యమైన కేసిన్ జన్యువును నడిపించే భాగం తెరుచుకుని ఉంటుంది. ఈ.కోలై పొదుగు వాపు తీవ్రంగా వచ్చినప్పుడు ఆ భాగం మీద మిథైల్ అనే చిన్న రసాయన ముద్రలు పడి అది మూసుకుపోతుందని పరిశోధకులు చూపించారు. జన్యువు చెడిపోలేదు, తాళం పడింది. కాబట్టి ఈ ఈతలో ఆ చన్ను పూర్తిగా తేరుకోకపోయినా, వట్టిపోయి మళ్ళీ ఈనాక మెరుగుపడే అవకాశం ఉంది. పొదుగు కణజాలం ఆ విరామంలోనే కొత్తగా తయారవుతుంది. అయితే చన్ను లోపల గట్టి గడ్డలు మిగిలిపోతే అంత ఆశ పెట్టుకోవద్దు.

ఇంజెక్షన్ విషయంలో మీ పక్క రైతు మాట సగం నిజం. ‘వాపు తగ్గే ఇంజెక్షన్’ అని మనం ఒకే పేరుతో పిలిచేవి రెండు రకాలు. డెక్సామెథసోన్ లాంటి స్టెరాయిడ్లు కార్టిసాల్ దారిలోనే నడుస్తాయి, తూముల మీదే చెయ్యి వేస్తాయి. పదేపదే వేస్తే తెల్లకణాలు నిజంగానే మందగిస్తాయి. నెలలు నిండిన చూడి ఆవుకు వేస్తే ఈచుకుపోయే ప్రమాదం కూడా ఉంది. ప్రాణం మీదికి వచ్చినప్పుడు ఒక్క మోతాదు వేయాలా వద్దా అన్నది డాక్టరు గారు ఆవును చూసి నిర్ణయించాల్సిందే. మెలాక్సికామ్ లాంటివి వేరు. అవి తూముల జోలికి పోవు. వాపు జన్యువుల వల్ల తయారైన ఒక ఎంజైమును అడ్డుకుని నొప్పి, జ్వరం తగ్గిస్తాయి. నొప్పి తగ్గితే ఆవు మేత ముడుతుంది, అదే సగం వైద్యం. యాంటీబయాటిక్‌తో పాటు మెలాక్సికామ్ ఇచ్చిన ఆవుల్లో పాలలోని కణాల సంఖ్య తగ్గిందని, మందలోంచి తీసేయాల్సినవి కూడా తగ్గాయని న్యూజిలాండ్ పరిశోధనలో తేలింది. ఏది వేసినా మందు పేరు రాసి పెట్టుకోండి. చెప్పిన గడువు తీరేదాకా పాలు వాడకానికి పోయకండి.

పెయ్యదూడ గురించి దిగులు పడకండి. తల్లికి పొదుగు వాపు వచ్చిందన్నంత మాత్రాన దూడకు రాసిపెట్టి ఉండదు. దూడ కడుపులో ఉన్నప్పుడు తల్లి పడ్డ బాధ మాత్రం కొంత వెంట వస్తుంది. చూడి చివరి వారాల్లో ఎండ వేడికి అల్లాడిన ఆవులకు పుట్టిన దూడలు జున్నుపాల నుంచి రక్షక ప్రొటీన్లను తక్కువగా పీల్చుకుంటాయి, పెద్దయ్యాక పాలు కూడా తక్కువ ఇస్తాయి. వాటి కాలేయంలోనూ పొదుగులోనూ ఆ మిథైల్ ముద్రలు వేరుగా ఉన్నట్టు కనిపించింది. అందుకే పాలివ్వడం లేదు కదా అని వట్టిపోయిన ఆవును ఎండలో కట్టేయడం నాకు అస్సలు నచ్చదు. నీడ, నీళ్ళు ముందు దానికే కావాలి.

అమ్మకం మాట ఇప్పుడే వద్దు. వైద్యం ఆపిన మూడు వారాలకు నాలుగు చన్నుల పాలు విడివిడిగా పరీక్షించండి. మూడు శాతం డిటర్జెంట్ పొడి కలిపిన నీళ్ళు, పాలు సమానంగా గిన్నెలో పోసి గుండ్రంగా తిప్పండి. ఆరోగ్యమైన చన్ను పాలు నీళ్ళలాగే తిరుగుతాయి. వాపు ఉంటే జిగురులా చిక్కబడి గిన్నె మధ్యకు చేరతాయి. ఆ జిగురు ఏమిటనుకున్నారు? సబ్బు తగిలి పగిలిన తెల్లకణాల్లోంచి బయటపడ్డ డీఎన్‌ఏ. ఇంతసేపూ మనం మాట్లాడుకున్న జన్యువులే, ముద్దగా మీ గిన్నెలో. ల్యాబులో లెక్కిస్తే మిల్లీలీటరుకు లక్ష కణాల లోపు ఉంటే మంచిది, రెండు లక్షలు దాటితే లోపల ఇంకా ఏదో ఉన్నట్టే.

పరీక్ష బాగుంటే వచ్చే ఈతకు ఇలా సిద్ధం చేయండి. ఈనే ముందు రెండు నెలలు పాలు తీయడం ఆపేయండి. మరీ కొవ్వు పట్టనివ్వకండి. వెన్నుపూసలు చేతికి తగలాలి కానీ కంటికి పొడుచుకు రాకూడదు. పచ్చిమేత లేకుండా ఎండుమేత మీదే ఉంటే రోజుకు వెయ్యి యూనిట్ల విటమిన్-ఇ అవసరమవుతుంది. సెలీనియం అనే ఖనిజం మాత్రం లవణ మిశ్రమంలో ఎంత ఉందో చూశాకే ఇప్పించండి, ఎక్కువైతే అది విషం. ఈనే చోటు పొడిగా ఉంచండి. ఈసారి మాయ 24 గంటల్లో పడకపోతే చేత్తో లాగకండి. డాక్టరు గారికి ఫోన్ చేసి, అదే పూట నుంచి నాలుగు చన్నుల మొదటి ధారలు నల్లటి గిన్నెలోకి పిండి తరకల కోసం చూడటం మొదలుపెట్టండి.