షెడ్డు అంతా మూసి బల్బులు పెట్టినా కోడిపిల్లలు ఎందుకు చనిపోతున్నాయి?

సందేహం: మాది అల్లూరి సీతారామరాజు జిల్లా, చింతపల్లి మండలం. పెరటి పెంపకానికి 200 వనరాజా పిల్లలను తెచ్చి తొమ్మిది రోజులైంది. చలి తగలకుండా షెడ్డు చుట్టూ కప్పు దాకా ప్లాస్టిక్ పట్టాలు కట్టి, 60 వాట్ల బల్బులు నాలుగు వేలాడదీశాము. గుంజకు కట్టిన థర్మామీటరు 30 డిగ్రీలు చూపుతోంది. అయినా పిల్లలు రాత్రిళ్లు బల్బుల కింద ఒకదానిపై ఒకటి ఎక్కుతున్నాయి, తెల్లారేసరికి కొన్ని చనిపోయి ఉంటున్నాయి. పట్టాల లోపలి వైపు నీటి బొట్లు పడుతున్నాయి, లోపలికి వెళితే కళ్లు మండుతున్నాయి. ఇంకా బల్బులు పెంచమంటారా?

జవాబు: బల్బులు పెంచవలసిందే, కానీ అంతకంటే ముందు ఈరోజే పట్టాల పైభాగం తెరవండి. మీ షెడ్డులో రెండు ఇబ్బందులు కలిసి వచ్చాయి: పిల్లలు ఉన్న చోట వేడి చాలడం లేదు, షెడ్డు మొత్తంలో తేమ బయటకు పోయే దారి లేదు.

వేడి గాలి పైకి చేరుతుంది కాబట్టి గుంజ మీది థర్మామీటరు చూపే 30 డిగ్రీలు నేల మీద ఉండవు. థర్మామీటరును బల్బుల వెలుగు పడే అంచున, ఊకకు రెండు అంగుళాల ఎత్తులో కట్టి చూడండి. మొదటి వారం అక్కడ 35 డిగ్రీల సెల్సియస్, రెండో వారం 32, మూడో వారం 29, నాలుగో వారం 27 ఉండాలి. రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంస్థ రూపొందించిన వనరాజా పెరటి పెంపకానికి గట్టి రకమే అయినా, ఈక సరిగా రాని పిల్ల తన ఒంటి వేడిని తాను నిలుపుకోలేదు కనుక తొలి నాలుగు వారాల బ్రూడింగ్ (పిల్లలకు బయటి నుంచి వేడి ఇచ్చి సాకడం) దానికీ తప్పదు. చలికాలంలో పిల్లకు రెండు వాట్ల చొప్పున 200 పిల్లలకు 400 వాట్లు కావాలి, మీరు ఇస్తున్నది 240 మాత్రమే. 250 వాట్ల ఇన్‌ఫ్రారెడ్ బల్బులు రెండు తెచ్చి, ఊకకు ఒకటిన్నర నుంచి రెండు అడుగుల ఎత్తులో గొలుసుతో వేలాడదీయండి. ఒకటి మాడిపోయినా రెండోది ఉంటుంది. ఎల్‌ఈడీ బల్బులు ఇందుకు పనికిరావు, అవి వెలుగు ఇస్తాయే గాని చాలినంత వేడి ఇవ్వవు.

చుట్టూ పది అడుగుల వ్యాసంతో, అడుగున్నర ఎత్తున రేకుతో గాని అట్టతో గాని చిక్ గార్డు (పిల్లలు వేడికి దూరం పోకుండా ఆపే గుండ్రటి అడ్డు) కట్టి, బల్బులను మధ్యలో ఉంచితే, పిల్ల తనకు వేడి కావాలంటే మధ్యకు, వద్దంటే అంచుకు పోగలుగుతుంది. రాత్రి పదింటికి చప్పుడు చేయకుండా వెళ్లి చూడండి. మధ్యలో గుట్టగా చేరితే బల్బులు దించాలి, అంచుకు పోయి నోరు తెరిచి రొప్పుతుంటే ఎత్తాలి, అన్నీ ఒక పక్కకే చేరితే ఎదుటి పక్క నుంచి చలిగాలి కొడుతోందని అర్థం. థర్మామీటరు కంటే పిల్లల తీరునే నమ్మమని నేను చెబుతాను.

ఇక తేమ సంగతి. పిల్లల ఊపిరి, రెట్ట, ఒలికిన నీరు ఆవిరై పైకి లేచి, బయటి మంచుకు చల్లబడిన ప్లాస్టిక్‌ను తాకి నీటి బొట్లుగా ఊక మీదే పడుతోంది. తడిసిన ఊకలో రెట్ట కుళ్లి అమ్మోనియా పుడుతుంది. అది గాలిలో 25 పీపీఎం (పది లక్షల వంతుల్లో 25 వంతులు) మించకూడదు, మీ కళ్లే మండుతున్నాయంటే నేలకు జానెడు ఎత్తులో ఊపిరి తీసే పిల్ల కళ్లు, శ్వాసనాళం ఎంత దెబ్బతింటున్నాయో ఊహించండి. పట్టాలను కింద బిగించి, పైనుంచి దించేలా కట్టుకోండి, గాలి రాని వైపు కప్పు కింద అడుగు సందు రాత్రంతా ఉండాలి, ఎండ వచ్చాక మరింత దించవచ్చు. తేమ 60 నుంచి 70 శాతం మధ్య ఉంటే చాలు. కొలిచే పరికరం లేకపోతే గుప్పెడు ఊక తీసి నొక్కండి: ముద్దగా నిలిచిపోతే తడి ఎక్కువ, నెమ్మదిగా విడిపోతే సరిగ్గా ఉంది, అసలు పట్టే పట్టకపోతే మరీ పొడి. తడిసిన ఊకను, ముఖ్యంగా నీటి తొట్ల చుట్టూ ఉన్నదాన్ని, ఎత్తి పారేసి రెండు మూడు అంగుళాల మందాన కొత్త ఊక పరచి రోజూ తిరగేయండి. తొట్లను పిల్ల వీపు ఎత్తున పెడితే నీరు ఒలకదు.

కరెంటు పోయినప్పుడు మూసిన షెడ్డులో బొగ్గుల కుంపటి పెట్టకండి. దాని నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడుకు రంగు, వాసన ఉండవు, పిల్లలతో పాటు కాపలా పడుకున్న మనిషి ప్రాణానికీ ప్రమాదం. తప్పనిసరైతే బయట రాజేసి, పొగ పోయాకే లోపల పెట్టి, పై సందు తెరిచి ఉంచండి, ఆ రాత్రి షెడ్డులో ఎవరూ నిద్రపోకూడదు.

చనిపోయిన పిల్లల పొట్ట ఉబ్బి, బొడ్డు తడిగా దుర్వాసన వస్తుంటే అది చలి వల్ల కాదు, బొడ్డు ద్వారా సోకిన జబ్బు. తడి ఊకలో కాక్సిడియా క్రిములు త్వరగా పెరుగుతాయి కాబట్టి మూడో వారం నుంచి రెట్టలో రక్తం కనిపిస్తుందేమో కూడా గమనించండి. ఈ రెంటిలో ఏది కనిపించినా సొంతంగా మందు కలపకుండా, అప్పుడే చనిపోయిన పిల్లను మీ మండల పశు వైద్యాధికారికి చూపించండి.