వంపు తిరిగిన సందు: యువ రచయితకు లేఖ

చిరంజీవికి ఆశీస్సులు.

నువ్వు పంపిన వ్యాసం, దానితోపాటు నువ్వు సేకరించిన తొమ్మిది వీధిపటాల నకళ్లు అందాయి. వ్యాసం రెండుసార్లు చదివాను. పటాల ముందు మాత్రం మూడు రోజులు భూతద్దం పట్టుకుని కూర్చున్నాను. నీ ఓపిక నాకు ఎంతో నచ్చింది. కానీ నాలుగో పేజీకి వచ్చేసరికి నగరం నా కళ్లముందు నుంచి జారిపోయింది. "ఇక్కడ ఒకప్పుడు తోట ఉండేది, ఇప్పుడు లేదు. అక్కడ బావి ఉండేది, ఇప్పుడు లేదు" అని వరసగా పద్నాలుగు వాక్యాలు రాశావు. ప్రతి వాక్యమూ నిజమే కావచ్చు. అయినా ఆ జాబితా చదివినవాడికి నీ బాధ తెలుస్తుందే తప్ప, పోయిన తోట కనబడదు. లోపం నీ భాషలో లేదు. పటాన్ని సాక్షిగా పిలిచి, ఒక్క ప్రశ్నైనా అడగకుండా పంపించేశావు.

నా అనుభవం ఒకటి చెబుతాను. రాయడం మొదలుపెట్టిన కొత్తలో, చిన్నప్పుడు నేను తిరిగిన ఒక సందు గురించి వ్యాసం రాశాను. ఆ సందు తిన్నగా వెళ్లి, మధ్యలో ఎడమవైపు వంపు తిరిగి, మళ్లీ తిన్నగా సాగేది. వంపు దగ్గర ఒక పెద్ద చెట్టు ఉండేది. దాన్ని కొట్టడానికి మనసొప్పక మనుషులు దారినే పక్కకు తిప్పుకున్నారని రాశాను. ఆ మాట నాకెవరూ చెప్పలేదు. చెట్టు గుర్తుంది, వంపు గుర్తుంది, రెండింటినీ కలిపే కథను నా మనసే అల్లుకుంది. చదివినవాళ్లు మెచ్చుకున్నారు. పదేళ్ల తర్వాత ఒక పాత కాగితాల కట్టలో, నేను పుట్టడానికి ముప్పై ఏళ్ల ముందు గీసిన పటం దొరికింది. అందులో ఆ చోట సందే లేదు. లేత నీలం రంగులో ఒక కాలువ ఉంది, దాని గట్టు వెంబడి చుక్కల గీతగా కాలిబాట ఉంది. కాలువ ఎక్కడ వంపు తిరిగిందో నా సందు సరిగ్గా అక్కడే తిరిగింది. తర్వాతెప్పుడో కాలువను పూడ్చి, గట్టునే దారి చేశారు. దారి చెట్టును చూసి తప్పుకోలేదు, చెట్టే నీటి పక్కన మొలిచి పెరిగింది.

ఆ రాత్రి సిగ్గుపడ్డాను. కానీ వ్యాసాన్ని తిరగరాయడానికి కూర్చున్నప్పుడు ఇంకో సంగతి గమనించాను. పటంలో చెట్టు లేదు. గీసినవాడికి కాలువ కావాలి, చెట్టు అక్కర్లేదు. పెద్ద వాన కురిస్తే సందు మొత్తంలో ఆ వంపు దగ్గర మాత్రమే నీళ్లు మోకాలి లోతున నిలిచేవని నాకు గుర్తుంది. ఆ సంగతి పటానికి తెలియదు. ఎందుకు నిలిచేవో మాత్రం పటమే చెప్పింది. అప్పటినుంచి జ్ఞాపకం చేత పటాన్ని, పటం చేత జ్ఞాపకాన్ని నిలదీయించకుండా నేను ఒక్క పేజీ కూడా రాయలేదు. రెండూ ఒకే మాట చెబితే సంతోషించి ముందుకు వెళ్లు. రెండూ పొసగని చోట మాత్రం ఆగు, నువ్వు రాయవలసింది అక్కడే ఉంది.

పోయినదాని ఆకారాన్ని నగరాలు తమ వంపుల్లో ఎంత మొండిగా దాచుకుంటాయో చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. రోములో పియాజ్జా నవోనా అనే పొడవాటి కూడలి ఉంది. దాని ఒక కొస గుండ్రంగా ఉంటుంది. క్రీస్తుశకం మొదటి శతాబ్దంలో డొమీషియన్ చక్రవర్తి కట్టించిన క్రీడామైదానం రూపం అది. ప్రేక్షకులు కూర్చున్న మెట్ల శిథిలాల మీద తర్వాతివాళ్లు ఇళ్లు కట్టుకున్నారు, ఆటలు జరిగిన నేల మాత్రం ఖాళీగా మిగిలిపోయింది. న్యూయార్కులోని వాల్ స్ట్రీట్, 1653లో డచ్చివాళ్లు తమ చిన్న ఊరికి ఉత్తరపు హద్దుగా కట్టుకున్న గోడ వెంబడి ఏర్పడిన వీధి. గోడను 1699లో పడగొట్టారు. పేరు నిలిచింది. అందుకే నీ నగరంలో ఒక వీధి కారణం లేకుండా వంగినా, ఉన్నట్టుండి వెడల్పైనా, ఎదురుగా ఏమీ లేని చోట ఆగిపోయినా, అంతకుముందు గీసిన పటం కోసం వెతుకు.

ఇక పటాన్ని అడగవలసిన మొదటి ప్రశ్న: నిన్ను ఎవరి కోసం గీశారు? జియాంబత్తిస్తా నొల్లి 1736లో రోమును కొలవడం మొదలుపెట్టి, 1748లో ఆ నగర పటాన్ని పన్నెండు రాగిరేకుల మీద చెక్కించి అచ్చువేశాడు. అందులో ఇళ్లన్నీ ముదురు రంగులో ముద్దగా ఉంటాయి. వీధులూ కూడళ్లూ తెల్లగా ఉంటాయి. విశేషమేమిటంటే చర్చీల లోపలి భాగం కూడా, ఒక్కొక్క స్తంభంతో సహా, వీధిలాగే తెల్లగా ఉంటుంది. అడుగుపెట్టగలిగిన చోటంతా ఆయన లెక్కలో నగరమే. ఆ పటం మీద వేలు పెట్టి నడిపిస్తే, వీధిలోంచి గుమ్మం దాటి స్తంభాల మధ్యకు వెళ్లి మళ్లీ వీధిలోకి రావచ్చు, ఎక్కడా గీత అడ్డుపడదు. పటం గీయడమంటే ఏది అందరిదో, ఏది కొందరిదో తీర్పు చెప్పడమేనని నాకు నేర్పింది ఆ పటం. ఏ పటాన్ని చూసినా తెలుపు ఎక్కడ ఆగిందో ముందు చూస్తాను.

అమెరికాలో శాన్‌బోర్న్ కంపెనీ 1867 నుంచి అగ్నిప్రమాద బీమా కోసం వీధిపటాలు గీయించింది. నేల మీద యాభై అడుగులు పటంలో ఒక అంగుళం. ఇటుక కట్టడం గులాబీ రంగు, చెక్క ఇల్లు పసుపు, రాతి కట్టడం నీలం. నివాసమైతే డి (డ్వెల్లింగ్), దుకాణమైతే ఎస్ (స్టోర్) అన్న అక్షరం. గోడ మందం ఎంతో, నీటి గొట్టం ఎటు పోతుందో కూడా ఆ పటం చెబుతుంది, ఎందుకంటే ఇల్లు ఎంత త్వరగా కాలిపోగలదో బీమావాళ్లకు తెలియాలి. ఆ పసుపు గదిలో ఎవరు పుట్టారో, ఎవరు వలస పోయారో దానికి పట్టదు. లండన్‌లో చార్లెస్ బూత్ పేదరికం మీద 1889 నుంచి వెలువరించిన పటాల్లో వీధులకు ఏడు రంగులు వేశారు. సంపన్నుల వీధులు బంగారు పసుపు, అట్టడుగు పేదల వీధులు నలుపు. ఆ నలుపు పక్కన సూచికలో 'దుర్మార్గులు, సగం నేరస్థులు' అన్న అర్థంలో మాటలు కూడా రాశారు. నల్లరంగు పడిన వీధిలో బతికిన మనిషి తన వీధిని ఆ రంగులో చూసి ఉండడు. పటం దొరికింది కదా అని ఆ రంగును నీ వాక్యంలోకి తెచ్చుకుంటే, వందేళ్ల కిందటి ఒక తీర్పును నీ నోటితో మళ్లీ చదివినట్టే. కొన్నిసార్లు పటం ఏమీ చూపకపోవడమే సాక్ష్యం. నగరం రెండుగా చీలి ఉన్న రోజుల్లో తూర్పు బెర్లిన్‌లో అచ్చయిన పటాల్లో పడమటి సగం ఖాళీ కాగితంలా ఉండేది.

రెండో ప్రశ్న తేదీ. నీ వ్యాసంలో పెద్ద పొరపాటు జరిగింది ఇక్కడే. పటం కింద అచ్చయిన సంవత్సరం ముద్రించిన సంవత్సరం మాత్రమే. కొలిచింది ఎప్పుడో కావచ్చు, మధ్యలో సగం మార్చి సగం వదిలేసి ఉండవచ్చు. మూలలో ఉన్న చిన్న అక్షరాలు చదువు. వంతెన ఉందా, రైలు మార్గం పూర్తయిందా, వీధి పేరు కొత్తదా పాతదా అని చూసి, కచ్చితమైన తేదీ తెలిసిన రెండు కట్టడాల మధ్య ఆ పటాన్ని బిగించు. అన్నిటికంటే ముఖ్యంగా, పటంలో కనబడిన వీధి నేల మీద ఉండితీరాలన్న నియమం లేదు. న్యూయార్కులోని మన్‌హాటన్ ద్వీపానికి 1811లో అధికారులు తయారుచేసిన పటంలో పన్నెండు పొడవాటి మార్గాలు, నూట యాభై అయిదు అడ్డవీధులు గళ్లుగళ్లుగా పరిచి ఉంటాయి. ఆ రోజున అక్కడ చాలాచోట్ల ఉన్నవి పొలాలు, గుట్టలు, వాగులు. ఆ పటం చూసి 1811లో అక్కడ వీధులు కిటకిటలాడేవని రాస్తే లేని నగరాన్ని పుట్టించినవాళ్లమవుతాం. 1865లో ఎగ్బర్ట్ వీలీ అదే ద్వీపంలోని వాగులను, చిత్తడినేలలను, వీధుల గళ్లతో కలిపి ఒక పటంగా గీశాడు. పునాదులు తవ్వేముందు నేల కింద నీరెక్కడుందో తెలుసుకోవడానికి ఇంజనీర్లు నేటికీ ఆ పటాన్ని చూస్తారు. నీ రెండో పటంలో తూర్పువైపు ఉన్న మూడు వెడల్పు వీధులకు చుట్టూ ఒక్క ఇల్లు కూడా లేదు, గీత కూడా తెగితెగి ఉంది. అవి వేద్దామనుకున్న వీధులని నా అనుమానం. వాటిని 'కనుమరుగైన రాచబాటలు' అన్నావు. ఆ మాట తీసెయ్యి. వేద్దామనుకుని వేయకపోవడం కూడా నగర చరిత్రే, దానిని అలాగే చెప్పు.

లండన్‌లో 1854 నాటి కలరా గురించి నువ్వు ప్రస్తావించావు కాబట్టి ఒక మాట. జాన్ స్నో అనే వైద్యుడు పటం గీసి, దాన్ని చూసి ఆ జబ్బుకు మూలం ఒక వీధి చేతిపంపు నీళ్లేనని కనిపెట్టాడని నువ్వూ రాశావు, చాలామందీ అలాగే రాస్తారు. నిజానికి ఆయన ముందు ఇంటింటికీ తిరిగి అడిగాడు. పంపు పిడి తీయించింది సెప్టెంబరులో, పటం ఆ తర్వాతి పని. ఆ పంపుకు దగ్గర్లోనే ఉన్న బీరు బట్టీలో పనివాళ్లకు జబ్బు సోకలేదు. అడిగితే వాళ్లు ఆ పంపు నీళ్లు తాగరని, బట్టీలో తయారయ్యే బీరే తాగుతారని, లోపల వేరే బావి కూడా ఉందని యజమాని చెప్పాడు. పటం మీద ఖాళీగా ఉన్న చోటుకు అర్థం మనిషి నోట దొరికింది. ఇంకొకటి: అప్పటి బ్రాడ్ స్ట్రీట్ నేటి బ్రాడ్‌విక్ స్ట్రీట్. ఆనాటి మనిషి మాట్లాడుతున్నప్పుడు ఆనాటి పేరే ఉండాలి, నువ్వు నడుస్తున్నప్పుడు ఈనాటి పేరు. ఒకే పేరాలో రెండూ కలిపేస్తే పాఠకుడు దారి తప్పుతాడు.

పెద్దవాళ్ల దగ్గరకు వెళ్లేటప్పుడు పటాన్ని మడిచి సంచిలోనే ఉంచు. ముందే బయటికి తీస్తే వాళ్లు పటంలో ఉన్నదాన్నే గుర్తు తెచ్చుకుంటారు. అచ్చుకాగితానికి అంత అధికారం ఉంది. తెల్లకాగితమూ పెన్సిలూ ఇచ్చి, "మీరు రోజూ నడిచిన దారి గీయండి" అను. ఎనభై ఏళ్లు దాటిన ఒక పెద్దావిడ నాకు అలా గీసి ఇచ్చింది. స్నేహితురాలి ఇంటిని బడికంటే పెద్దదిగా గీసింది. బావిని గీసి, దాని చుట్టూ మట్టిలో బిందెలు ఆనిన గుంటలను చిన్నచిన్న సున్నాలుగా వేసింది. ఆమె ఇంటి వెనక, అరవై అడుగుల దూరంలో, పటంలో స్పష్టంగా కనబడే ఒక పొడవాటి వీధి ఉంది. ఆమె కాగితం మీద అది లేనేలేదు. అప్పుడు నా పటం తీసి ఆ వీధి చూపించాను. చాలాసేపు చూసింది. "ఇటు మమ్మల్ని రానిచ్చేవాళ్లు కాదు బాబూ" అంది. వేలు మాత్రం ఆ గీత మీద నుంచి తీయలేదు. ఆ వీధి వెడల్పెంతో, దానికెన్ని ఇళ్లున్నాయో పటం చెప్పింది. ఎవరికి అది వీధి కాదో చెప్పడానికి ఆమె కావలసి వచ్చింది. ఆమె గీసిన కాగితం నా దగ్గరున్న అన్ని పటాలకంటే విలువైనదని నేను నమ్ముతాను. నువ్వు కూడా అలాంటి కాగితాలను పటాలతో సమానంగా భద్రపరుచు. వెనకవైపు మెత్తని పెన్సిల్‌తో తేదీ రాయి. పేరు వాళ్లు ఒప్పుకుంటేనే రాయి.

భద్రపరచడమంటే గుర్తొచ్చింది. నీ అయిదో పటం చిరుగుకు సెల్లోటేపు అంటించి ఉంది. అది కాలంతో పసుపెక్కి, జిగురు కాగితంలోకి ఇంకి, మరకగా మిగులుతుంది. నువ్వే లాగెయ్యకు, కాగితం పొర దానితో లేచి వస్తుంది. తెలిసినవాళ్లచేత తీయించు. ఏ పటానికీ లామినేషన్ చేయించకు, చేశాక తిరిగి తీయడానికి ఉండదు. మడతల దగ్గరే పటం తెగుతుంది కాబట్టి వీలైనంతవరకు విప్పి, ఆమ్లం లేని కాగితపు అట్టల మధ్య చదునుగా, ఎండ తగలని చోట పెట్టు. నకలు తీసుకుని గుర్తులన్నీ దాని మీదే వేసుకో. కొన్ని పటాల మీద మార్పులను చిన్న కాగితం ముక్కలుగా అంటించి ఉంటారు. శాన్‌బోర్న్ పటాల్లో ఇది మామూలు. ఆ ముక్కను ఊడదీయకుండా వెలుగుకు ఎదురుగా పట్టుకుంటే, కొత్త ఇంటి గీతల కింద పాత ఇంటి గీతలు లీలగా కనబడతాయి. అలా చూసిన మొదటిసారి నేను చాలాసేపు చేతులు దించలేదు.

ఇక నీ వ్యాసం. పద్నాలుగు వాక్యాల్లో పదమూడు తీసెయ్యి. బావి గురించిన వాక్యం ఉంచు, ఎందుకంటే నీ మూడో పటంలో బావి వీధికి దక్షిణాన ఉంది, నువ్వేమో ఉత్తరాన ఉండేదని మీ అమ్మమ్మ చెప్పిందని రాశావు. ఈ తేడాను నువ్వు గమనించినట్టు లేదు. బావులు రెండు ఉండేవేమో. వీధే జరిగిందేమో. పటం గీసినవాడు పొరపాటు పడ్డాడేమో. ఆవిడను వెళ్లనిచ్చిన బావి ఒకటి, వెళ్లనివ్వని బావి ఇంకొకటి అయినా కావచ్చు. మీ అమ్మమ్మ దగ్గరకు తెల్లకాగితం తీసుకుని వెళ్లు, తర్వాత ఆ వీధిలో పొద్దునొకసారి, వాన వెలిశాక ఒకసారి నడిచి, నీళ్లెక్కడ నిలుస్తున్నాయో చూసి రా. ఆ ఒక్క బావి గురించే ఎనిమిది పేజీలు రాసి పంపు. అయిదో పటం నకలును విడిగా తిప్పి పంపుతున్నాను. దాని ఎడమ మూలలో ఒకరు సిరాతో పెట్టిన చిన్న గుర్తు ఉంది, నేను పెన్సిల్‌తో సున్నా చుట్టాను. అసలు పటం మీద అదేమిటో చూసి రాయి.

ఆశీస్సులతో,
నీ శ్రేయోభిలాషి