విసుగొచ్చినప్పుడు ఇంగ్లిషులో ఏమనాలి?

ప్రశ్న: సర్వర్ ఆగిపోగానే మా లండన్ టీమ్ లీడర్ ‘ఓ, గ్రేట్!’ అన్నారు. పని చెడితే గ్రేట్ ఏమిటి?
– ఒక పాఠకుడు, కాకినాడ

జవాబు: మనం ‘బాగానే ఉంది సంబడం!’ అంటాం కదా, అదే ఇది. తేడా అంతా గొంతులో ఉంటుంది. సంతోషమైతే ‘గ్రేట్’ చురుగ్గా, ఎత్తుగా పలుకుతుంది. విసుగైతే గొంతు కిందికి జారుతుంది, మాట సాగుతుంది. ‘దట్స్ ఆల్ ఐ నీడ్!’ కూడా ఈ కోవదే. మాటకు మాట అర్థం చెప్పుకుంటే తృప్తిగా అన్నట్టుంటుంది గానీ, అసలు భావం ‘ఇదొక్కటే తక్కువైంది!’. ‘జస్ట్ మై లక్!’ అంటే ‘నా ఖర్మ!’. ఇలాంటివి విన్నప్పుడు ‘థాంక్యూ’ అనకండి. ‘ఐ నో. ఐ విల్ చెక్ ఇట్ నౌ’ అంటే చాలు.

ప్రశ్న: విసుగులో ‘ఓ గాడ్’, ‘జీసస్!’ అనొచ్చా? మా పిల్లలకు ‘షిట్’ కూడా అలవాటైంది.
– ఒక పాఠకురాలు, వరంగల్

జవాబు: మనవాళ్లు ఎక్కువగా పొరబడేది ఇక్కడే. ‘అయ్యో రామా’, ‘ఓరి దేవుడా’ అంటే తెలుగులో ఎవరూ తప్పు పట్టరు. బైబిల్ పది ఆజ్ఞల్లో మాత్రం దేవుడి పేరు వ్యర్థంగా పలకకూడదని ఒకటి ఉంది. అందుకే ఇంగ్లిషులో చాటుమాటలు పుట్టాయి: గాడ్‌కు బదులు ‘గాష్’, ‘గుడ్‌నెస్’, హెల్‌కు బదులు ‘హెక్’, డ్యామ్‌కు బదులు ‘డార్న్’. ‘ఫర్ క్రయింగ్ ఔట్ లౌడ్!’లో ఏడుపేమీ లేదు. ‘ఫర్ క్రైస్ట్స్ సేక్’ అనబోయి, ‘క్రై’ దగ్గర దారి మళ్లించిన మాట అది. ‘జీసస్!’ అని విసుక్కుంటే భక్తిగల క్రైస్తవులు నొచ్చుకుంటారు, మానేయండి. ‘ఓ గాడ్’ చాలామంది అంటారు, అయినా కొత్తవారి ముందు ‘ఓ గాష్’ మేలు.

ఇక ‘షిట్’ బూతుమాటే. మన నగరాల్లో ‘ఛ’ అన్నంత తేలిగ్గా వాడేస్తున్నారు గానీ ఇంటర్వ్యూలో, క్లయింట్ ముందు, బడిలో అస్సలు పనికిరాదు. పిల్లలకు ‘ఓ నో’, చేతిలోది జారిపడితే ‘ఊప్స్’ నేర్పండి.

ప్రశ్న: ‘విసిగిపోయాను’ అనడానికి ‘ఫెడప్ విత్’ సరైనదా, ‘ఫెడప్ ఆఫ్’ సరైనదా?
– ఒక విద్యార్థి, కర్నూలు

జవాబు: బ్రిటన్‌లో మాటల్లో ‘ఆఫ్’ కూడా వినిపిస్తుంది. పరీక్షలో ‘విత్’ రాయండి. దాని తర్వాత నామవాచకమో, ‘ఇంగ్’ రూపమో రావాలి: ‘ఫెడప్ విత్ వెయిటింగ్’. ‘ఫెడప్ టు వెయిట్’ తప్పు. ‘ఫెడప్ విత్ యూ’ అంటే ఎదుటి మనిషికి గట్టిగా తగులుతుంది. ‘ఫెడప్ విత్ దీజ్ డిలేస్’ అంటే కోపం ఆలస్యం మీదే ఉంటుంది.