ఆరు లక్షలు కెమెరాలకా, బడికి డుమ్మా కొట్టే పిల్లలకా?

మీ ప్రశ్న సారాంశం ఇదీ: తిరుపతిలో మీ కాలనీ సంఘం దగ్గర ఏడాదికి సరిపడా ఆరు లక్షల విరాళం ఉంది. వీధిలో ఫోన్లు పోతున్నాయి, బైకుల్లో పెట్రోలు తీసేస్తున్నారు. దొరికినవాళ్లు 14, 15, 16 ఏళ్ల పిల్లలు, అంతకు ముందే బడి మానేసినవాళ్లు. సగం మంది కెమెరాలు, జిమ్ము అంటున్నారు, సగం మంది ఆ పిల్లలకే ఖర్చు పెడదామంటున్నారు. "తప్పు చేసినోడికి బహుమానమా? బుద్ధిగా చదువుకునే పేద పిల్లోడికి ఏమిస్తారు?" అని ఒకాయన అడిగేసరికి మీటింగు ఆగిపోయింది.

నేను చెప్పేది ఒకటే. ఆ డబ్బులో పెద్ద ముక్క ఒక మనిషి జీతానికి పెట్టండి. బడికి రాని పిల్లోడి ఇంటికి మూడో రోజు సాయంత్రం వెళ్లే మనిషి. గదులు, కెమెరాలు, కుట్టుమిషన్లు, అవగాహన సదస్సులు తర్వాత చూసుకోవచ్చు. కట్టడానికి డబ్బు ఇచ్చేవాళ్లు ఎప్పుడూ దొరుకుతారు. ఎంపీ ల్యాడ్స్‌నే తీసుకోండి, నియోజకవర్గ పనులకు ఒక్కో ఎంపీకి ఏడాదికి 5 కోట్లు, కానీ వాటితో మన్నే ఆస్తులే సమకూర్చాలి, జీతాలివ్వడం కుదరదు. అందుకే మన ఊళ్లలో కమ్యూనిటీ హాలు ఉంటుంది, దాని తాళం తీసేవాడు ఉండడు. హాలు పైకప్పుకు ఎంపీ దగ్గరికి వెళ్లండి. విరాళం డబ్బు మాత్రం సర్కారు నిధులు చేరని చోట ఖర్చు కావాలి.

మూడో రోజే ఎందుకంటే, బడి మానడం ఒక్క దెబ్బతో జరగదు. మొదటి రోజు ఒళ్లు నొప్పులు. రెండో రోజు "సారు ఏమంటాడో" అన్న భయం. మూడో రోజుకు హోంవర్కు పేరుకుపోతుంది. రెండో వారంలో ఎవడో ఒకడు పని చూపిస్తాడు, చేతికి రెండొందలొస్తాయి, ఇక ఆ పిల్లోడు పలక పట్టడు. తిరుపతిలో దీనికి ఒక లయ కూడా ఉంది. శని, ఆదివారాల్లో భక్తుల రద్దీ. అలిపిరి దగ్గరో బస్టాండులోనో చిన్న గిన్నె పట్టుకుని నామాలు పెట్టే పిల్లలు, లాడ్జీల్లో దుప్పట్లు మోసేవాళ్లు, టిఫిన్ సెంటర్లో బల్లలు తుడిచేవాళ్లు సోమవారం లేవలేరు. వరసగా మూడు సోమవారాలు రాని పిల్లోడి పేరు ముందు రాసుకోండి. చిత్తూరు వైపైతే లెక్క వేరు: బళ్లు జూన్ 12న తెరుస్తారు, అప్పటికి తోతాపురి కాపు, గుజ్జు ఫ్యాక్టరీలు మంచి ఊపు మీద ఉంటాయి. అమ్మానాన్నలతో తోటలకు, లోడింగుకు పోయిన పిల్లలు జూలైలో బడికొస్తే అప్పటికే మూడు పాఠాలు అయిపోయి ఉంటాయి. అక్కడ మీ మనిషి పని జూన్ మొదటి వారంలోనే మొదలవ్వాలి.

ఇక పేర్లు ఎక్కడినుంచి తెస్తారు? హాజరు ఇప్పుడు ఫోన్ యాప్‌లోనే పడుతుంది కాబట్టి పొద్దున పది దాటేసరికి హెడ్మాస్టరు దగ్గర లెక్క ఉంటుంది. కానీ ఆయన మీకు ఊరికే ఇవ్వడు, ఇవ్వకూడదు కూడా. ముందు పాఠశాల యాజమాన్య కమిటీలో తీర్మానం పెట్టించండి. విద్యాహక్కు చట్టం ప్రకారం ఆ కమిటీలో ముప్పాతిక మంది తల్లిదండ్రులే, సభ్యుల్లో సగం ఆడవాళ్లు. తీర్మానం కాపీతో మండల విద్యాధికారికి (ఎంఈఓ) ఒక ఉత్తరం పెట్టండి. తర్వాత మీ మనిషి రోజూ బడికి పోయి, మూడు రోజులు దాటిన పేర్లు, తల్లి ఫోన్ నంబరు మాత్రం తన పుస్తకంలో రాసుకోవాలి. వాట్సాప్ గ్రూపులో జాబితా ఫోటో పెట్టారంటే ఆ వారమే తల్లులు తలుపులు వేసేసుకుంటారు.

ఇంటికి వెళ్లడంలోనే పని అంతా ఉంది. పొద్దున వెళ్తే తల్లి పనికి పోయి ఉంటుంది. సాయంత్రం ఆరున్నర, ఏడు మధ్య వెళ్లాలి. మొదటిసారి సచివాలయం మహిళా పోలీసును వెంట తీసుకుపోవద్దు, ఆమె ఎంత మంచిదైనా వీధి అంతా బయటికొచ్చి చూస్తుంది. "ఎందుకు పంపలేదమ్మా?" అని అడగకూడదు, ఆ ప్రశ్నకు అందరి దగ్గరా ఒకటే జవాబు ఉంటుంది, జరమొచ్చింది అని. "అబ్బోడు రేత్రి ఎన్ని గంటలకు పడుకున్నాడమ్మా?" అని అడిగితే అసలు సంగతి దానంతట అదే బయటపడుతుంది: ఫోన్లో ఆటా, లాడ్జీలో నైటు డ్యూటీనా, తాగొచ్చిన నాన్నా, లేకపోతే మత్తు కోసం వైట్నరు, సొల్యూషన్ పీల్చే జట్టా. గుమ్మం దగ్గర బడి బూట్లు చూడండి. మట్టి ఎండిపోయి ఉంటే మూడు రోజులు అన్నది అబద్ధం, మూడు వారాలు.

కారణాన్ని బట్టి దారి మారుతుంది. మత్తు అయితే తిట్టి లాభం లేదు, రుయా ఆసుపత్రి మానసిక వైద్య విభాగానికి తీసుకుపోవాలి, ఫోన్లో సలహాకు 14446 ఉంది. 1972 అనే నంబరు గంజాయి అమ్మేవాళ్ల సమాచారం ఇవ్వడానికి, పిల్లోడి వైద్యం కోసం దానికి ఫోన్ చేసి ఇంట్లోవాళ్లను బెదరగొట్టకండి. పద్నాలుగేళ్ల లోపు పిల్లోడిని పనిలో పెట్టుకున్నారంటే 1098. ఇల్లు గడవక మానేసి, తండ్రి లేకుండా ఉంటే మిషన్ వాత్సల్య కింద నెలకు 4,000 స్పాన్సర్‌షిప్ ఉంది. పట్నంలో కుటుంబ ఆదాయం ఏడాదికి 96,000, పల్లెలో 72,000 దాటకూడదు. దరఖాస్తు జిల్లా బాలల పరిరక్షణ విభాగానికి పోవాలి. డబ్బు వచ్చేలోపు నెలలు పట్టొచ్చు కాబట్టి ఆ సందులో ఇంటికి బియ్యమో బస్ పాసో మీ నిధినుంచి ఇవ్వాల్సి ఉంటుంది. తల్లికి వందనం డబ్బుకు 75 శాతం హాజరు కావాలని తల్లికి గుర్తు చేస్తే, మీరు చెప్పే నీతులన్నిటికంటే అది గట్టిగా పనిచేస్తుంది.

అన్నిటికంటే ఎక్కువగా కనిపించేది, ఎవరూ ఒప్పుకోనిది ఒకటుంది. ఎనిమిదో తరగతి పిల్లోడికి చదవడం రాదు. ఆ సిగ్గుతోనే మానేస్తాడు. రెండో తరగతి తెలుగు వాచకంలో ఒక పేరా ఇచ్చి విడిగా, ఎవరూ లేనప్పుడు చదివించండి. ఐదు నిమిషాల్లో తెలిసిపోతుంది. ఆ పిల్లోడిని ట్యూషన్‌లో పాఠ్యపుస్తకం ముందు కూర్చోబెడితే మళ్లీ పారిపోతాడు. పేపర్లో క్రికెట్ పేజీ, బస్సు బోర్డులు, బిర్యానీ సెంటర్ ధరల పట్టిక, వీటితో మీరు సాయంత్రం పూట నడిపే చిన్న బడిలో రోజుకు 40 నిమిషాలు. ఒక టీచరుకు పన్నెండు, పదమూడు మందికి మించితే చదవనివాడు వెనక వరసలో దాక్కుంటాడు.

మళ్లీ చేర్చేటప్పుడు మరో ముడి పడుతుంది. ప్రైవేటు బడిలో ఫీజు బాకీ ఉంటే వాళ్లు టీసీ ఇవ్వరు, ఆన్‌లైన్‌లో పిల్లోడి పెన్ నంబరు (బడి మారినా మారని విద్యార్థి సంఖ్య) కూడా వదలరు, కొత్త బడిలో పేరు ఎక్కదు. టీసీ ఆలస్యమైందని ఎనిమిదో తరగతి లోపు పిల్లోడిని ప్రభుత్వ బడి వెనక్కి పంపకూడదు, చట్టం అలా ఉంది. ముందు కూర్చోబెట్టించండి, నంబరు సంగతి ఎంఈఓ కార్యాలయంలో తేల్చుకోవచ్చు. ఆధార్‌లో చాలామంది పిల్లల పుట్టినరోజు జనవరి 1 అని ఉంటుంది, దాన్ని చూసి బడి రికార్డు రాయించకండి. రేపు కేసు అంటూ వస్తే వయసుకు మొదట చూసేది బడి సర్టిఫికెట్టు, అది లేకపోతే కార్పొరేషన్ జనన ధ్రువపత్రం. ఒక్క ఏడాది తేడాతో పిల్లోడు పెద్దల కోర్టులో నిలబడొచ్చు.

ఇప్పుడు బహుమానం మాట. మీటింగులో ఆ పెద్దాయన అడిగింది తప్పేమీ కాదు. కేసుల్లో పడ్డవాళ్ల కోసం ప్రత్యేకంగా ఒక కార్యక్రమం పెడితే ఆయన అన్నదే నిజమవుతుంది, అంతకంటే చెడు కూడా జరుగుతుంది. అలాంటి పిల్లలను ఒకే గదిలో చేరిస్తే ఒకరి విద్య ఒకరికి అబ్బుతుంది, ఒక్క ఫోను ఎత్తినవాడు లాకు విప్పడం నేర్చుకుని పోతాడు. పాతిక మంది ఉన్న సాయంత్రం బడిలో అలాంటివాళ్లు నలుగురికి మించొద్దు. వాళ్లెవరో ట్యూషన్ చెప్పే అమ్మాయికి కూడా తెలియక్కర్లేదు. మిగతా ఇరవై ఒక్క మంది ఆయనన్న బుద్ధిమంతులైన పేద పిల్లలే. డబ్బు వాళ్లకే ఎక్కువ పోతోంది కాబట్టి గొడవ సగం అక్కడే చల్లారుతుంది.

పేరు బయటపెట్టకపోవడం మర్యాద ఒక్కటే కాదు. 2015 బాలల న్యాయ చట్టం 74వ సెక్షన్ కింద కేసులో ఉన్న పిల్లోడి ముఖం, పేరు, బడి, చిరునామా బయటపెడితే ఆరు నెలల వరకు జైలు, లేదా రెండు లక్షల వరకు జరిమానా, లేదా రెండూ. మీ కెమెరాలో పడ్డ దొంగతనం వీడియో కాలనీ గ్రూపులో తిప్పారంటే ముందు చిక్కుల్లో పడేది మీరే. ఇదే చట్టం 78వ సెక్షన్ పిల్లలతో మత్తు పదార్థాలు మోయించి అమ్మించేవాడికి ఏడేళ్ల వరకు కఠిన శిక్ష అంటుంది. కెమెరా కావాలంటే అలాంటివాడి బడ్డీ కొట్టు వైపు తిప్పండి.

పిల్లోడిని పట్టుకున్న రాత్రి ఇంట్లోవాళ్లకు ఏం చెయ్యాలో తెలియక దళారికి డబ్బు కడతారు. మీ మనిషికి ఇంత తెలిస్తే చాలు: లాకప్‌లో పెట్టకూడదు, బేడీలు వేయకూడదు, ప్రయాణం కాక 24 గంటల్లో బాలల న్యాయ మండలి ముందు పెట్టాలి. ప్రతి స్టేషన్లో పిల్లల సంగతి చూసే అధికారి ఒకరుంటారు, ఆయన్నే అడగాలి. కనీస శిక్ష ఏడేళ్లు ఉండే ఘోర నేరమైతేనో, పెద్దవాళ్లతో కలిసి చేస్తేనో తప్ప మామూలుగా ఎఫ్ఐఆర్ ఉండదు, స్టేషన్ జనరల్ డైరీలో రాసి పిల్లోడి సామాజిక నేపథ్య నివేదిక జత చేస్తారు. లేని ఎఫ్ఐఆర్ తీయిస్తానని దళారి డబ్బు తీసుకునేది ఇక్కడే. పిల్లలకు ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయవాది వస్తాడు, నంబరు 15100. మండలిలో మెజిస్ట్రేటుతో పాటు ఇద్దరు సామాజిక కార్యకర్తలుంటారు. మందలించి పంపడం, గ్రూపు కౌన్సెలింగు, సమాజ సేవ, మూడేళ్ల వరకు ప్రొబేషన్ (మంచి నడవడిక షరతు మీద వదిలిపెట్టడం), బడికి వెళ్లాలన్న షరతు, ఇలా వాళ్లు చాలా చెయ్యగలరు. ప్రొబేషన్ అధికారి నివేదిక రాసేటప్పుడు "ఈ పిల్లోడు రోజూ సాయంత్రం ఫలానా చోట చదువుకుంటున్నాడు" అని చెప్పే హాజరు పట్టీ మీ దగ్గర ఉంటే అది పెద్ద సాక్ష్యం. స్టేషన్‌కు వెళ్లి పేర్లు అడగొద్దు. ప్రొబేషన్ అధికారి పంపినవాళ్లనే చేర్చుకోండి.

ఎవరో ఒకరు తప్పక అంటారు, ఒకసారి జైలు చూపిస్తే భయపడి దారికొస్తారు అని. అమెరికాలో న్యూజెర్సీలోని ఒక జైలులో 1970ల్లో ఇదే చేశారు, ఖైదీలతో పిల్లలను గద్దించారు. తర్వాత అలాంటి కార్యక్రమాలపై జరిగిన అధ్యయనాలన్నీ కలిపి చూస్తే, వెళ్లినవాళ్లే వెళ్లనివాళ్లకంటే ఎక్కువ తప్పులు చేశారని తేలింది. ఆ బస్సు ఖర్చు మిగిలినట్టే.

ఆరు లక్షల లెక్క నేనైతే ఇలా వేస్తాను. ఇల్లిల్లూ తిరిగే మనిషికి నెలకు 18,000, ఏడాదికి 2,16,000. అంతకు తగ్గిస్తే మూడో నెల మానేస్తారు, మళ్లీ మొదటికొస్తుంది. సాయంత్రం చెప్పే ఇద్దరికి తలా 7,000 చొప్పున పది నెలలకు 1,40,000. పాతిక మందికి రోజుకు 15 రూపాయల శనగలో గుడ్డో, 220 రోజులకు 82,500. దీన్ని కొట్టేయకండి, ఏడింటిదాకా పిల్లోడిని కూర్చోబెట్టేది పాఠం కాదు, ఆ గుడ్డు. బస్ పాసులు, సర్టిఫికెట్లు, పరీక్ష ఫీజులకు 60,000. ఆట సామాన్లు, కరెంటు 20,000. అప్పటికప్పుడు ఆసుపత్రికో బియ్యానికో 40,000. అంతా కలిపి 5,58,500. మిగిలిన 41,500 ఫిబ్రవరి దాకా ముట్టొద్దు. సంక్రాంతి తర్వాత ఫీజు బాకీల పేరుతో, పదో తరగతి భయంతో రెండో విడత మానేస్తారు, అది అప్పుడు కావాలి.

దెబ్బతినే చోటు పద్నాలుగు దాటాకే. విద్యాహక్కు అక్కడితో ఆగిపోతుంది, పది ఫెయిలైనవాడిని వెతుక్కుంటూ ఎవరూ రారు. వాడికి సప్లిమెంటరీ, లేదంటే ఓపెన్ స్కూల్. ఓపెన్‌లో పదికి 14 ఏళ్లు, ఇంటర్‌కు 15 నిండితే చాలు. రెండూ వద్దంటే ఐటీఐ. ఆటోనగర్‌లో మెకానిక్ దగ్గర పెడదామంటే ముందు ఆ షెడ్డు చూసి రండి. 18 లోపు వాళ్లను ప్రమాదకరమైన పనిలో పెట్టకూడదు, వెల్డింగు పొగలో నిలబెట్టి దాన్ని శిక్షణ అనకూడదు.

ఆరు నెలలకు సంఘం లెక్క అడిగేటప్పుడు "ఎంతమందిని చేర్పించారు?" అని అడగొద్దు. జూన్‌లో చేర్పించి ఆగస్టుకు పోగొట్టుకోవడం చాలా తేలిక. మీ మనిషి పుస్తకంలో మూడు గీతలు చాలు: మూడో రోజు తలుపు తట్టినవాళ్లెందరు, వాళ్లలో వారంలో తిరిగొచ్చినవాళ్లెందరు, రెండు నెలల తర్వాత కూడా బడిలోనే ఉన్నవాళ్లెందరు. నలభై ఇళ్లకు మించి ఒక్కరికి అప్పగించకండి. ఆ పుస్తకం సంఘం ఆఫీసులో వద్దు, ఆ మనిషి సంచిలోనే ఉండాలి. మీటింగుకు అంకెలు తెస్తే చాలు, పేర్లు అక్కర్లేదు.