ఇంటి లెక్క: ఏడాది ఖర్చుకు నెలనెలా వాటా

ప్రశ్న: మావారి జీతం 30,000. నేను బ్లౌజులు కుడతాను, నెలకు 5,000 నుంచి 11,000 దాకా వస్తుంది. అద్దె 9,000, బండి వాయిదా 2,900. ఇద్దరు పిల్లల స్కూలు ఫీజు 36,000 జూన్‌లో ఒకేసారి కట్టాలి. ఒకటో తారీఖునే ఖర్చులు పుస్తకంలో రాసుకుంటున్నా, ఎండాకాలం వచ్చేసరికి చేబదుళ్లు తప్పడం లేదు. ఎక్కడ తప్పుతోంది?
– ఒక పాఠకురాలు, అరండల్‌పేట, గుంటూరు

జవాబు: మీ పుస్తకంలో నెల ఖర్చులున్నాయి గానీ ఏడాది ఖర్చులకు చోటు లేనట్టుంది. మన ఊళ్లో అవి చాలావరకు మార్చి, జూన్ మధ్యే వచ్చి పడతాయి. ఏడాదికి సరిపడా ఎండుమిర్చి, చింతపండు కొనేది అప్పుడే. ఆవకాయ పెట్టేది, కూలరు వల్ల కరెంటు బిల్లు పై శ్లాబులోకి ఎక్కేది అప్పుడే. ఆ వెంటనే బడులు తెరుస్తారు.

కాబట్టి ముందు ఏడాది చిట్టా రాయండి. మీ ఫీజు తప్ప మిగతావి మా అంచనాలు, మీ అంకెలు వేసుకోండి. ఫీజు 36,000, పుస్తకాలు, యూనిఫాం 8,000, బీమా ప్రీమియం 12,400, దసరా, సంక్రాంతి బట్టలు, ప్రయాణాలు 14,000, మిర్చి, పచ్చళ్లు 7,500, బండి ఇన్సూరెన్సు, సర్వీసింగు 4,500. మొత్తం 82,400. పన్నెండో వంతు దాదాపు 6,900. అద్దెలాగే ఇదీ జీతం పడిన రోజే పక్కకు వెళ్లాలి. దీనికి పోస్టాఫీసు ఆర్‌డీ (నెలనెలా కొంత కట్టే డిపాజిట్) పనికిరాదు, అది అయిదేళ్లది. బ్యాంకులో 12 నెలల ఆర్‌డీ గానీ, ఫోన్ యాప్‌కు కలపని విడి ఖాతా గానీ చాలు.

రాబడి 38,000 అనో 40,000 అనో సగటు కట్టొద్దు. కుట్టుపని తక్కువగా ఉన్న నెల లెక్కే తీసుకుంటే 35,000. అందులో అద్దె, బండి వాయిదా పోగా 23,100. పాలు, కరెంటు, గ్యాసు, ఫోన్లకు 4,700, ఏడాది వాటా 6,900 తీస్తే 11,500. బియ్యం, పప్పులు, నూనెకు 4,500, ఆపద నిధికి 1,500 పోతే చేతిలో మిగిలేది 5,500.

పుస్తకాలు చెడేది ఈ 5,500 దగ్గరే. నాలుగు వారాలకు సమంగా పంచేస్తే నెలాఖరున మిగిలే రెండు మూడు రోజులకు ఏమీ ఉండదు. వారానికి 1,250 చొప్పున 5,000, చివరి రోజులకు 500 ఉంచండి. కూరగాయలకు 400, పెట్రోలుకు 300, గుడ్లు, చికెన్‌కు 350, చిల్లరకు 200. జీతం ఖాతాకు యూపీఐ తీసేసి, సోమవారం సోమవారం 1,250 మీ ఖాతాలోకి మార్చుకుని అక్కణ్నుంచే చెల్లించండి. ప్రతి టీకీ లెక్క రాసే ఓపిక ఎవరికీ ఉండదు, ఖాతాలో నిల్వ చూస్తే సరిపోతుంది.

మొదటి ఏడు ఒక చిక్కు ఉంటుంది. అక్టోబరులో మొదలుపెడితే జూన్‌లోపు ఎనిమిది జీతాలే. బడి ఖర్చు 44,000కు నెలకు 5,500 కావాలి, మీ వాటాలో దానికున్నది 3,667 మాత్రమే. ఆ లోటుకు, కుట్టుపనిలో 5,000 దాటి వచ్చిందంతా అటే మళ్లించండి. పెళ్లిళ్ల నెలల్లో వచ్చే డబ్బుకు చీర కొనాలనిపిస్తుంది, ఈ ఒక్క ఏడూ ఆగండి.

ప్రశ్న: క్రెడిట్ కార్డు మీద 40,000 బాకీ ఉంది. నెలకు కనీస మొత్తం 2,000 కడుతున్నాను. వడ్డీ నెలకు 3.5 శాతం. ఆర్‌డీలో 45,000 ఉంది. రెండూ కొనసాగించనా?
– ఒక పాఠకుడు, పటమట, విజయవాడ

జవాబు: వద్దు. నెల వడ్డీ 1,400, దాని మీద 18 శాతం జీఎస్టీ 252. మీరు కట్టే 2,000లో అసలుకు చేరేది 348 రూపాయలే. పైగా బాకీ ఉన్నంతకాలం కొత్త కొనుగోళ్లకూ మొదటి రోజు నుంచే వడ్డీ పడుతుంది. ఆర్‌డీని ముందుగా మూస్తే వడ్డీ కాస్త తగ్గిస్తారు, అయినా లాభమే. కార్డు బాకీ మొత్తం తీర్చి, వచ్చే నెల నుంచి ఆ 2,000తో కొత్త ఆర్‌డీ తెరవండి.