సీనియర్ రెజ్యూమెలో పేరు మార్చి పంపేస్తే సరిపోతుందా?

ప్రశ్న: అక్కా, నమస్తే. మాది గాజువాక. బీఎస్సీ కెమిస్ట్రీ ఫైనలియర్ చదువుతున్నాను. పరవాడ ఫార్మా సిటీలో ఒక కంపెనీ క్యూసీ (క్వాలిటీ కంట్రోల్, అంటే మందుల నాణ్యత పరీక్షించే విభాగం) ట్రైనీలను తీసుకుంటోందని మా సీనియర్ చెప్పి, తన రెజ్యూమె వాట్సాప్‌లో పెట్టాడు. పేరు, మార్కులు మార్చి పంపేయమన్నాడు. అందులో హెచ్‌పీఎల్‌సీ (మందులో ఏ పదార్థం ఎంత ఉందో విడదీసి కొలిచే మెషీన్) వచ్చని ఉంది. నేను దాన్ని ఒకసారి చూశానంతే, ముట్టుకోలేదు. అది తీసేస్తే ఇక నా దగ్గర రాయడానికి ఏముంది? పదో తరగతి దాకా తెలుగు మీడియం. అనుభవం లేదు, సాయంత్రాలు నాన్న టిఫిన్ సెంటర్‌లో లెక్కలు చూస్తుంటాను. కవర్ లెటర్ కూడా అడిగారు. టెన్షన్‌గా ఉంది.
— ఓ పాఠకురాలు, గాజువాక

జవాబు: చెల్లీ, ముందు ఆ హెచ్‌పీఎల్‌సీ లైను తీసెయ్. నువ్వు వెళ్లేది క్యూసీకి. అక్కడ పనే కళ్లతో చూసింది చూసినట్టు రాయడం, రాసినదాని కింద సంతకం పెట్టడం. రికార్డులో ఒక అంకె తప్పు పడితే వైట్‌నర్ పూయరు, మీద దిద్దరు, పాత అంకె కనబడేలా ఒక్క గీత కొట్టి, పక్కన సరైనది రాసి, సంతకం, తేదీ వేస్తారు. అలాంటి చోట ఉద్యోగానికి, ముట్టుకోని మెషీన్ వచ్చని రాసుకుని ఎలా వెళ్తావు చెప్పు? ‘ఏ కాలమ్ వాడావు, మొబైల్ ఫేజ్ ఏంటి’ అంటారు, రెండో ప్రశ్నకే దొరికిపోతావు, ఆ తర్వాత నిజంగా వచ్చినవి చెప్పినా నమ్మరు. డెమో చూశానని రాసుకో, అది నిజమే కదా.

ఇక రాయడానికి ఏముంది అన్నావు, నాకు బాధనిపించింది. ఇన్నాళ్లూ ల్యాబ్‌లో ఏం చేశావు? నీళ్ల కఠినత్వం టైట్రేషన్ చేసే ఉంటావు. అమోనియా బఫర్ పోసి, ఎరియోక్రోమ్ బ్లాక్-టీ వేసి, ఎర్రటి వైన్ రంగు నీలంగా తిరిగే దాకా ఈడీటీఏ చుక్కచుక్కగా వదిలి, రీడింగులు కలిసే దాకా మళ్లీ మళ్లీ చేసి ఉంటావు. ‘మంచి ప్రాక్టికల్ నాలెడ్జ్ ఉంది’ అన్న వాక్యం ప్రతి రెజ్యూమెలోనూ ఉంటుంది, దాని బదులు ఈ పనే రాయి: ఏ టైట్రేషన్లు నీ చేత్తో చేశావు, ద్రావణాలు నువ్వే తయారుచేశావా, నార్మాలిటీ లెక్క నువ్వే కట్టావా. ఆ బఫర్ ఎందుకు పోస్తారని అడిగితే, పీహెచ్ 10 దగ్గర నిలవాలి, లేకపోతే రంగు మారడం సరిగ్గా తెలియదు అని చెప్పగలిగితే చాలు, ఎదురుగా కూర్చున్న వాళ్లకి నీ సంగతి అర్థమైపోతుంది.

ఇంకో మాట. టైమ్ ఉంటే మీ లెక్చరర్‌ని అడిగి, మీ వీధి బోరు నీళ్లు, కుళాయి నీళ్లు రెండూ సీసాల్లో పట్టుకెళ్లి కఠినత్వం చూడు. వచ్చిన అంకెలు లీటరుకు ఇన్ని మిల్లీగ్రాములని రాసి, తేదీతో సహా రెజ్యూమెలో ప్రాజెక్ట్ కింద పెట్టు. రెండు లైన్లే, కానీ అవి అచ్చంగా నీవి.

టిఫిన్ సెంటర్ సంగతి దాచకు. రాత్రి గల్లాపెట్టెలో ఉన్న డబ్బు, ఫోన్‌పే మెసేజ్‌లు కలిపి లెక్క సరిపెట్టడం, రేపటికి మినపప్పు, నూనె ఎంత తేవాలో చూడటం పని కాదా? కుటుంబ వ్యాపారంలో రోజువారీ లెక్కలు చూస్తానని, ఎప్పటి నుంచి చూస్తున్నావో కూడా కలిపి ఒక లైను రాయి.

తెలుగు మీడియం గురించి భయపడకు. చిన్న చిన్న ఇంగ్లిష్ వాక్యాలే రాసుకో. గట్టిగా చదివినప్పుడు నీ నోరు తిరగని వాక్యం ఏదైనా ఉంటే అది నీది కాదు, కొట్టెయ్. అంతా ఒక్క పేజీ చాలు. ‘పేరున్న సంస్థలో సవాళ్లతో కూడిన ఉద్యోగం కోరుతూ’ అన్న ఆబ్జెక్టివ్, నాన్న పేరు, మతం, పెళ్లయిందా లేదా, చివర ‘పైవన్నీ నిజమని ప్రకటిస్తున్నాను’ అన్న డిక్లరేషన్, ఇవేవీ అక్కర్లేదు. ఆధార్ నంబర్ అయితే ఎట్టి పరిస్థితుల్లోనూ వద్దు. వాళ్లు అడిగితేనే ఫోటో. ఇంటర్నెట్ సెంటర్‌లో టైప్ చేయిస్తే పీడీఎఫ్ ఒక్కటే తెచ్చుకోకు, వర్డ్ ఫైల్ కూడా నీ మెయిల్‌కి పంపించుకో, లేకపోతే ఫోన్ నంబర్‌లో ఒక అంకె మార్చాలన్నా మళ్లీ వాళ్ల దగ్గరికే పరిగెత్తాలి.

కవర్ లెటర్ అంటే బ్రహ్మపదార్థమేమీ కాదు. విడిగా ఫైల్ అడగకపోతే మెయిల్‌లోనే రాసెయ్యి. ఏ పోస్టుకి, ఆ ప్రకటన ఎక్కడ చూశావు, ముందు అది. తర్వాత వాళ్లు అడిగిన పనిలో నువ్వు చేసినవి రెండు. చివర్లో పరీక్షలు ఎప్పుడు అయిపోతాయి, ఎప్పటి నుంచి రాగలవు, గాజువాకలోనే ఉంటావు కాబట్టి పరవాడకి షిఫ్టుల్లో రావడం కుదురుతుందా. ఈ ఆఖరి ముక్క చాలామంది రాయరు, తీసుకునేవాళ్లకి మాత్రం అది చాలా అవసరం. అయితే షిఫ్టుల సంగతి ముందు ఇంట్లో మాట్లాడుకుని రాయి.

ప్రశ్న: అక్కా, మధురవాడ నుంచి రాస్తున్నాను. బీటెక్ సీఎస్‌ఈ. మంచి డిజైన్ ఉన్న రెజ్యూమె చేసుకున్నాను, రెండు కాలమ్‌లు, స్కిల్స్‌కి స్టార్లు కూడా ఉన్నాయి. కవర్ లెటర్ చాట్‌జీపీటీతో రాయించాను. రుషికొండ కంపెనీలకి ఎన్ని పంపినా ఒక్క ఫోన్ రాదు.
— ఓ విద్యార్థి

జవాబు: తమ్ముడూ, నీ పీడీఎఫ్ తెరిచి, మొత్తం సెలెక్ట్ చేసి, నోట్‌ప్యాడ్‌లో పేస్ట్ చేసి చూడు. కాలేజీ పేరు మధ్యలో జావా, జావా మధ్యలో ఫోన్ నంబర్ వచ్చిందా? చాలా కంపెనీల్లో రెజ్యూమెలు ముందు సాఫ్ట్‌వేర్ చదువుతుంది, దానికీ అలాగే కనబడొచ్చు. ఒకే కాలమ్, మామూలు అక్షరాలు, పైనుంచి కిందికి. ఆ స్టార్లు తీసెయ్. పైథాన్‌లో నాలుగు స్టార్లంటే ఏంటో ఎవరికీ తెలియదు, పైథాన్‌తో ఏం చేశావో రాస్తే తెలుస్తుంది.

చాట్‌జీపీటీని వాడటం తప్పని నేననను, స్పెల్లింగ్, గ్రామర్ సరిచేయించుకో. కానీ అసలు విషయమే నువ్వు ఇవ్వకపోతే అది గాల్లోంచి పొగడ్తలు పుట్టిస్తుంది, ‘మీ సంస్థ విలువలు నన్ను ఎంతగానో ఆకట్టుకున్నాయి’ అని. అలాంటివి హెచ్‌ఆర్ వాళ్లు పొద్దున్నుంచీ చదువుతూనే ఉంటారు. ఆ కంపెనీ ఏం తయారుచేస్తుందో వాళ్ల వెబ్‌సైట్‌లో ఒక అరగంట చూసి, నీ ప్రాజెక్ట్‌లో దానికి దగ్గరగా ఉన్న ముక్క ఒకటి పట్టుకుని రాయి. ప్రాజెక్ట్ బయట కొన్నదైతే మాత్రం దాని జోలికి పోకు, నువ్వే రాసిన చిన్న ప్రోగ్రామ్ ఉంటే అదే పెట్టి, కోడ్ గిట్‌హబ్‌లో ఉంచి లింక్ ఇవ్వు. అది నిజంగా తెరుచుకుంటుందో లేదో ఫ్రెండ్ ఫోన్‌లో చూసుకుని మరీ పంపు.

ప్రశ్న: రెజ్యూమె పంపిన మర్నాడే సెలెక్ట్ అయ్యానని మెయిల్ వచ్చింది. ట్రైనింగ్ డిపాజిట్ 5 వేలు కట్టమంటున్నారు. నాన్న కట్టేద్దామంటున్నారు.
— ఓ డిప్లొమా విద్యార్థి, పెందుర్తి

జవాబు: కట్టొద్దు, ఈ మాట నాన్నగారికి కూడా చూపించు. ఇంటర్వ్యూ లేకుండా సెలెక్ట్ చేసి డబ్బడిగితే అది మోసమే అనుకో. ఆ కంపెనీ పేరు నిజమే అయినా, అధికారిక వెబ్‌సైట్‌లో ఉన్న నంబర్‌కి నువ్వే ఫోన్ చేసి అడుగు, మెయిల్‌లో ఇచ్చిన నంబర్‌కి కాదు. ఇప్పటికే కట్టేసి ఉంటే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేసి ఫిర్యాదు చెయ్యి.