పోర్ట్రెయిట్ల గురించి మేనకోడలికి

చి. సుధకి మామయ్య ఆశీస్సులు.

నువ్వు పంపిన ఫొటోలు చూశాను. అన్నింట్లోనూ వెనక భాగం కరిగిపోయింది, సగం వాటిలో కళ్లు కూడా దానితోపాటే కరిగిపోయాయి. 50 ఎంఎం లెన్సు కొన్న కొత్తలో అందరికీ ఎఫ్ 1.8 మీద, అంటే లెన్సు రంధ్రం బాగా తెరిచి తియ్యడం మీద మోజే. నీ కెమెరాది ఏపీఎస్-సీ సెన్సరు, అంటే ఫిల్ము ఫ్రేము కంటే చిన్నది. దానితో నాలుగడుగుల నుంచి ఎఫ్ 1.8లో తీస్తే స్పష్టంగా పడేది నాలుగు సెంటీమీటర్ల మందమే. మనిషి కాస్త తల తిప్పినా, నువ్వు కాస్త ముందుకి వాలినా ఒక కన్ను పోతుంది. ఐదడుగులకి జరిగి, రంధ్రం తగ్గించి ఎఫ్ 4 పెట్టు, ఆ మందం పదిహేను సెంటీమీటర్ల దాకా వస్తుంది. ఫోకస్ పాయింటు ఒక్కటే ఉంచుకుని, నీకు దగ్గరగా ఉన్న కంటి మీద వెయ్యి. షటర్ సెకనులో 1/200 వంతు. ఐఎస్‌ఓ (వెలుతురుకి సెన్సరు స్పందించే చురుకు) 1600కి పోయినా భయపడకు. గరుకుదనం భరించవచ్చు గానీ కదిలిన ముఖాన్ని ఎవరూ బాగుచెయ్యలేరు.

అమ్మమ్మ ఫొటోలో ఎడమ చెంప పచ్చగా ఉంది, గమనించావా? వైట్ బాలెన్స్ (ఫొటో మొత్తం రంగుని సరిచేసే అమరిక) ఎంత తిప్పినా అది పోదు, ఎందుకంటే రంగు మారింది నీడ పక్కనే. కిటికీ వెలుతురు మన ఇళ్ల ఆకుపచ్చ, నీలం సున్నం గోడలకి తగిలి ముఖం మీదకి తిరిగొస్తుంది. నీడ వైపు రెండు మూడడుగుల దూరంలో తెల్ల పంచె ఆరేసినట్టు కట్టు, లేకపోతే థర్మోకోల్ షీటు నిలబెట్టు. గోడ రంగూ ఆగుతుంది, కంటి కింద నీడా తేలికవుతుంది. పగలు ట్యూబ్‌లైటు మాత్రం తప్పకుండా ఆపెయ్యి. రెండు రకాల వెలుతురు ఒకే ముఖం మీద పడితే ఏ ఒక్కటీ సరిచెయ్యలేవు.

వెలుతురు కొలత విషయంలో కెమెరాని నమ్మకు. ఫ్రేమంతా తెల్ల పంచె, తెల్ల చీర ఉంటే అది అంతటినీ బూడిదరంగుకి దించేస్తుంది, ముఖం నల్లబడుతుంది. ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్ (కెమెరా కొలతని పెంచే, తగ్గించే అమరిక) ప్లస్ 1 దగ్గర పెట్టు. వెనక చీకటి గుమ్మం ఉంటే దీనికి తలకిందులు, మైనస్ 0.7 పెట్టు. చామనఛాయ ముఖాల్ని తెల్లగా చెయ్యాలని మాత్రం ఎక్కువ వెలుతురు ఇవ్వకు. నుదుటి మీది మెరుపే ముందు కాలిపోతుంది. చెమట టిష్యూ కాగితంతో అద్దితే చాలు, పౌడరు వద్దు.

నేతగాళ్ల సిరీస్ తీస్తానన్నావు. బరంపురంలో ఉన్నదానివి, అంతకంటే మంచి విషయం ఏముంది? గుంటమగ్గమైతే నేసే మనిషి నేల మట్టానికి కూర్చుంటాడు. నిలబడి తీస్తే నడినెత్తి, భుజాలే పడతాయి, మనిషి చిన్నబోతాడు. నువ్వూ నేల మీద కూర్చో, కెమెరా ఆయన కళ్ల ఎత్తుకి రావాలి. చేతులు కదిలినట్టు కనబడాలంటే షటర్ 1/30కి దించు. కానీ పోగుని బిగించే పలక కొట్టేటప్పుడు తల కూడా ఊగుతుంది, కాబట్టి నాడె (అడ్డపోగు మోసేది) విసరబోతూ ఒక్క క్షణం ఆగినప్పుడు నొక్కు. ఆ ఆగడం ఒక్కొక్కరికీ ఒక్కోలా ఉంటుంది, అది తెలిసే దాకా ఊరికే కూర్చుని చూడాల్సిందే. పట్టు మీద వెలుతురు పక్కనుంచి పడితేనే నేత తెలుస్తుంది, ఎదురుగా ఫ్లాష్ వేస్తే చీర రేకు ముక్కలా కనిపిస్తుంది.

ఎవరినీ నవ్వమనకు. పోగు తెగితే ఎలా అతుకుతారని అడుగు, ఒడియావాళ్లయితే "మావుసీ" అని పలకరించి వాళ్ల మాటల్లోనే అడుగు. జవాబు చెప్పేసి నోరు మూసిన వెంటనే ఉంటుంది అసలు ముఖం.

గోపాలపూర్ బీచిలో పొద్దున్నే తియ్యాలనుకుంటున్నావట. అక్కడ సూర్యుడు సముద్రంలోంచి లేస్తాడు, అటు తిరిగిన మనిషి కళ్లు చికిలిస్తాడు. పొద్దు పొడవక ముందు ఇరవై నిమిషాలు బాగుంటుంది. ఇంకా మేలు సాయంత్రం: పొద్దు ఊరి వైపు వాలిపోతుంది, సముద్రం వైపు చూసే ముఖం మీద ఆకాశమంతటి మెత్తని వెలుతురు. ఇసుకలో లెన్సు మార్చకు. ఇంటికొచ్చాక ఉప్పు తడిని గుడ్డతో తుడిచి, సిలికా జెల్ వేసిన బిగుతు మూత డబ్బాలో పెట్టు. మన తేమకి లెన్సులో బూజు పట్టడానికి ఒక వానాకాలం చాలు.

మీ ఊరి అమ్మవారి ఠాకురాణి యాత్ర రెండేళ్లకోసారి కదా, వేషాల వాళ్లని రాత్రి గుంపులో పట్టుకోవాలని చూడకు. సీరియల్ బల్బుల కింద ముఖం మీది రంగు ఏ రంగో తెలియదు. సాయంత్రం రంగు వేసుకునే చోటికి వెళ్లి, అడిగి, గుమ్మం దగ్గర కూర్చోబెట్టి తియ్యి.

ఫొటోలు ఫోన్‌లో ఏరకు. స్టూడియోలో 4×6 ప్రింట్లు ఒక ముప్పై వేయించి చాప మీద పరువు. ఒకేలా ఉన్నవి రెండుంటే ఒకటి తీసెయ్యి. మర్నాడు మళ్లీ చూసి, ఆరేడు మిగిలేదాకా తగ్గించు. వాటిలో ఒక్కదాన్నే 8×12 వేయించు. 2400×3600 పిక్సెళ్లుంటే 300 డీపీఐకి (అంగుళానికి 300 చుక్కలు) సరిపోతుంది, కత్తిరించి చిన్నది చేసిన ఫైలైతే ముందు లెక్క చూసుకో. ఫొటోలో ఉన్నవాళ్లకి ఒక ప్రతి ఇవ్వడం మర్చిపోకు, రెండోసారి మగ్గం దగ్గరికి రానిచ్చేది అదే.

పండక్కి వచ్చేటప్పుడు తీసేసినవి కూడా పట్టుకురా. మిగిలిన ఆరేడు కంటే నాకు అవే ముందు చూడాలని ఉంది.

మామయ్య